కొండమీద విందు... కొండకింద మకాం!

హైదరాబాదు వెళ్తున్నానని తెలియగానే మా పెద్దమ్మ రెండు పనులు అప్పగించింది. ఒకటి, సున్నుండల డబ్బా అందజేయడం. రెండోది, ఆరేళ్ల కిందట సినిమాల కోసం తెనాలి వదిలిన తన కొడుకుని వెంటబెట్టుకు రావడం!

తెల్లారకముందే కృష్ణానగర్‌లో దిగాను. చీకటింకా విడలేదు గానీ రోడ్డు నిండా సందడే! టీకొట్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ అసిస్టెంట్లు... అందరి చూపూ షూటింగు వ్యాన్లు వచ్చేవైపే.

"ఇవాళ నా డేట్సన్నీ నీకే ఇచ్చేశాను, పద!" అన్నాడు అన్నయ్య. వేషం లేదని చెప్పడం అంత అందంగా ఉంటుందన్నమాట!

బండి మీద ఇడ్లీ, అల్లం చట్నీ లాగించి బయల్దేరాం. దగ్గర్లోనే అన్నపూర్ణా స్టూడియో. చిత్రసీమ ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో, రాళ్లగుట్టల మధ్య అక్కినేనివారు కట్టించిన ఆ స్టూడియో 1976లో మొదలైంది. స్టూడియోలు దగ్గర, కొండమీది కంటే గది అద్దె తక్కువ. అందుకే పనివాళ్లంతా ఈ కింది సందుల్లో చేరారట.

1998లో జాతీయవనంగా ప్రకటించిన కె.బి.ఆర్. పార్కులో నెమలి కూత విన్నాం. పెద్దమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టాం. ఫిల్మ్‌నగర్ ఎక్కి దైవసన్నిధానం చూసి, రామానాయుడు స్టూడియో గేటు ముందు కాసేపు నిలబడ్డాం. నేను తారల కార్ల కోసం చూస్తుంటే, అన్నయ్య మాత్రం గేటు దగ్గర తెలిసిన మేనేజరెవరైనా కనిపిస్తాడేమోనని చూశాడు.

మధ్యాహ్నం మళ్లీ కిందికి దిగి మెస్సులో పప్పు, గోంగూర, గడ్డపెరుగు. డబ్బులివ్వబోతే మెస్సాయన వద్దన్నాడు. "మీ అన్నగారి ఖాతాలో రాస్తాలెండి. వేషం పడగానే ఇస్తారు" అన్నాడు. ఆ నమ్మకం ముందు నా పర్సు చిన్నబోయింది.

సాయంత్రం దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన దీపాలు చూసి, జూబ్లీహిల్స్‌లో ఓ పెద్ద హోటల్లో విందుకి కూర్చున్నాం. బిర్యానీ రాగానే అన్నయ్య నవ్వాడు.

"ఇక్కడ ఓ షూటింగులో వెనక టేబుల్ నాదే! పొద్దుట్నుంచి రాత్రిదాకా ఇదే బిర్యానీ. తినకూడదు, తింటున్నట్టు చెయ్యాలంతే. ఇవాళే నిజంగా తింటున్నా!"

నాకు ముద్ద దిగలేదు. అదను చూసి పెద్దమ్మ మాట చెప్పాను. అన్నయ్య చాలాసేపు కంచంలోకే చూశాడు.

"వచ్చే నెల డైలాగున్న వేషం పడిందిరా. ఒక్కటే డైలాగు" అంటూ లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ! పేషెంటు కళ్లు తెరిచాడు!"

సర్వరు అదిరిపడ్డాడు. పక్క టేబులాయన చప్పట్లు కొట్టాడు. ఆరేళ్ల ఆకలంతా ఆ ఒక్క ముక్కలో వినిపించింది నాకు. ఇంక రమ్మని అడగలేకపోయాను.

మర్నాడు ఖాళీ డబ్బాతో ఒక్కణ్నే తిరిగొచ్చాను. సున్నుండలు గదిలోవాళ్లందరికీ పంచేశాడు మరి! పెద్దమ్మ డబ్బా అందుకుని, "ఏ సినిమారా?" అని మాత్రం అడిగింది.

ఎప్పుడైనా హాల్లో ఆ డైలాగు వినిపిస్తే ఓ ఈల వెయ్యండి. మా పెద్దమ్మ తరఫున!