ఎల్యూసిస్ యాత్ర

గ్రీసుదేశము చూడబోవువారు సాధారణముగా ఏథెన్సునగరమున అక్రొపోలిసు కొండనెక్కి, పార్థెనాను ఆలయమును దర్శించి, తృప్తినొంది మరలివత్తురు. మేమును మొదటి రెండుదినములు అట్లే చేసితిమి. మూడవనాడు మాత్రము మా అక్కయ్య నిమిత్తము వేరొక త్రోవ పట్టితిమి. ఆమె కుమార్తె పందొమ్మిదేండ్ల ప్రాయమున, వివాహము కాకుండగనే, మూడేండ్లక్రిందట జబ్బుచేసి గతించినది. నాటినుండి అక్కయ్య గడప దాటుట అరుదు. మేమే బలవంతముచేసి వెంటబెట్టుకొని వచ్చితిమి. కొండమీది చలువరాతి స్తంభములను ఆమె చూచినదే కాని, ఒక్కమాటయు పలుకలేదు.

ఏథెన్సు ప్రాతకోటగోడ యొద్ద కెరమైకాసు అను శ్మశానవాటిక కలదు. అచ్చటి సమాధులపై రాతితో చెక్కిన పొడుగుమెడ కడవలు కొన్ని కానవచ్చును. పెండ్లినాడు మంగళస్నానమునకు నీరు తెచ్చు కడవ యది. పెండ్లి కాకమునుపే మరణించినవారి సమాధిపై అట్టి కడవను నిలుపుట ఏథెన్సువారి ఆచారము. ఈ సంగతి చెప్పగానే అక్కయ్య ఒక కడవయెదుట నిలిచిపోయెను. మేమును తొందరపెట్టలేదు.

ఆ శ్మశానము ప్రక్కనుండియే ఎల్యూసిసు క్షేత్రమునకు పవిత్రమార్గము బయలుదేరును. దూరము సుమారు 20 కిలోమీటర్లు. నేటికిని నగరములోని ఆ వీథికి ఆ పేరే నిలిచియున్నది. పూర్వము ఏటేట శరదృతువు ప్రారంభమున వేలకొలది జనులు ఈ బాటను కాలినడకను పోయెడివారు. అంతకుముందే సముద్రస్నానము చేసి, ఉపవాసముండి, పూజారిణులు మూతవేసిన పెట్టెలలో పవిత్రవస్తువులను మోసికొనిపోవుచుండగా వెంట నడచెడివారు. ఎల్యూసిసు చేరువనున్న ఉప్పునీటిమడుగుపై క్రీ.పూ. 421 ప్రాంతమున రాతివంతెన కట్టించినపుడు, దాని వెడల్పు 5 అడుగులే యుండవలెననియు, బండ్లు దానిపై పోరాదనియు ఏథెన్సు ప్రజాసభ శాసించినది. ఆ పెట్టెలను మోయు స్త్రీలు క్షేమముగ నడచిపోవుటకే ఆ వంతెన.

త్రోవలో కెఫీసాసు అను ఏటివంతెనయొద్ద ఒక వింత జరిగెడిది. ముసుగులు వేసికొన్నవారు అచ్చట పొంచియుండి, యాత్రికులలోని పెద్దలను పేరుపెట్టి ఎగతాళి చేసెడివారు. ఎంతటి గొప్పవారైనను ఊరకుండి సహింపవలసినదే.

అక్కయ్య ముఖము చిట్లించి, “పుణ్యక్షేత్రమునకు పోవుచు ఈ వెక్కిరింతలేమి?” అనెను.

“దానికి సమాధానము ఆ యూరిలోనే యున్నది” అంటిమి.

నేటి పవిత్రమార్గమున పూలతోటలు లేవు. దుకాణములు, లారీలు, కర్మాగారములు. ఎల్యూసిసు దాపున సముద్రమున నూనెఓడలు నిలిచియుండును. ఈ పొగగొట్టముల నడుమ ప్రాచీనజగత్తున మిక్కిలి పూజ్యమగు క్షేత్రమొకటి యుండెనని నమ్ముట కష్టము. ఆవరణములో అడుగుపెట్టగానే, ద్వారమునకు దాపున గుండ్రముగ రాయికట్టిన బావి కనబడెను. ఎల్యూసిసు స్త్రీలు దేవి నుద్దేశించి మొట్టమొదట నాట్యమాడిన బావి యిదియేనట. ఆ గట్టునకు సమీపమున కూర్చుండి, ఈ క్షేత్రకథను అక్కయ్యకు చెప్పితిమి.

ధాన్యమును ప్రసాదించు దేవత డిమీటరు. ఆమెకొక్కతే కూతురు, పెర్సెఫొనె. ఆ కన్య పూలు కోయుచుండగా భూమి పగిలి, పాతాళాధిపతి హేడీసు రథముపై వచ్చి ఆమెను ఎత్తుకొనిపోయెను. తండ్రియగు జ్యూసు ఈ సంబంధమునకు ముందే సమ్మతించియుండెను. తల్లితో మాత్రము ఎవ్వరును చెప్పలేదు. ఏథెన్సునగరమున బాలికలకు పదునాలుగు పదునైదేండ్లకే, తండ్రి నిశ్చయించిన వరునితో పెండ్లి జరిగెడిది. కావున ఈ కథ విన్న తల్లులకు అది దేవతల గాథయేకాక ఇంటిమాటయు అయియుండును. డిమీటరు తొమ్మిదిదినములు కాగడాలు చేతబూని, అన్నపానములు మాని, భూమియెల్ల వెదకెను. తుదకు నిజము తెలిసి, దేవలోకమును విడిచి, ముసలమ్మ రూపమున ఈ యూరి బావికడ కూర్చుండెను. రాజకుమార్తెలు నీటికై వచ్చి, ఆమెను తమ ఇంటికి తోడ్కొనిపోయిరి. అచ్చట ఆమె ముఖముపై ముసుగు లాగికొని, ఎవరితోను పలుకక, ఏమియు ముట్టక కూర్చుండెను. అప్పుడు ఇయాంబె అను పరిచారిక ఎగతాళిమాటలాడగా, దేవి చిరునవ్వు నవ్వి, పిదప పకాలున నవ్వెను. ఆ తరువాతనే బార్లీపిండి, నీరు, పుదీనావంటి ఆకు కలిపిన పానీయమును కోరి త్రాగెను.

“నవ్వినదా?” అని అక్కయ్య అడిగెను.

“నవ్వినది. బిడ్డ దొరకకమునుపే నవ్వినది.”

ఆమె కొంతసేపు బావివంక చూచి ఇట్లనెను: “పిల్ల పోయిన నెలలోపల పొరుగింటి పసివాడేదో ముద్దుమాట అనగా నాకు నవ్వు వచ్చినది, చెల్లీ. చూచిన పెద్దముత్తైదువ ఒకరు, ‘ఇదేమి తల్లివమ్మా’ అన్నది. నాటినుండి నవ్వు వచ్చినపుడెల్ల లోపలనే అణచుకొంటిని.”

మాకీ సంగతి అంతవరకు తెలియదు. మూడేండ్లు ఒకే ఇంట మెలగియు తెలిసికొనలేదు.

వంతెనయొద్ద ఎగతాళి ఎందులకో మేము మరల చెప్పనక్కరలేకపోయెను. డిమీటరు పూజలలో శోకమునకును పరిహాసమునకును చోటుండెడిది. ఏథెన్సుస్త్రీలకు థెస్మొఫోరియా అను మూడుదినముల నోమొకటి కలదు. అందు పురుషులకు ప్రవేశము లేదు. రెండవనాడు వారు నేలపై కూర్చుండి ఉపవాసముండెడివారు. ఆ పండుగలో ఒకరినొకరు మోటుగ పరిహసించుకొనుటయు వ్రతాంగమే. దేవిని ఇయాంబె నవ్వించినదానికి జ్ఞాపకముగ ఆ యాచారమని పూర్వులు చెప్పిరి. మూడవనాడు సత్సంతానమును కోరి పూజ. ఇల్లు దాటి వచ్చుట అరుదైన ఆ స్త్రీలకు ఆ మూడుదినములును తమవి.

కథాశేషము తెలిసినదే. తల్లి ధాన్యమును మొలవనీయలేదు. లోకమున కరవు పుట్టెను. జ్యూసు దిగివచ్చి కూతురును పంపించెను. కాని హేడీసు ఆమెచే దానిమ్మగింజ యొకటి తినిపించియుండుటచే, ఏటిలో మూడవవంతు పాతాళముననే యుండవలసివచ్చెను. తక్కినది తల్లియొద్ద.

బావినుండి పైకి పోగా మహామండపపు శిథిలములు కలవు. ప్రక్కకు 50 మీటర్లకు పైబడిన చదరపు కట్టడము. 42 స్తంభముల గుర్తులు. ప్రక్కల కొండరాతిని తొలిచిన మెట్లు. వాటిపై కూర్చుండి దీక్షితులు రాత్రివేళ రహస్యదర్శనము చేసెడివారు. గ్రీకుభాష తెలిసి, హత్యాదోషము లేనిచో, స్త్రీలకును బానిసలకును దీక్ష లభించెడిది. చూచినది బయటపెట్టినవారికి మరణదండన. క్రీ.పూ. 415లో ఈ రహస్యములను ఇంట అనుకరించి పరిహసించెనను నేరమున, ఆల్కిబియాడిసు అను సేనానికి, అతడు పారిపోయినందున పరోక్షముననే మరణశిక్ష విధించిరి. ఇంచుమించు వేయేండ్లపాటు అసంఖ్యాకులు చూచియు ఆ రహస్యమును దాచిరి. దీక్షితుడైన రోమకపండితుడు సిసిరో మాత్రము, ఇచ్చట సంతోషముతో బ్రతుకుటయే కాక మేలైన ఆశతో మరణించుటయు నేర్చితిమను భావమును వ్రాసియుంచెను.

క్రీ.శ. 392లో థియొడోసియసు చక్రవర్తి ప్రాతపూజలను నిషేధించెను. కొలదియేండ్లకే గాథులదండు ఈ క్షేత్రమును పాడుచేసెను. అయినను దేవి ఊరిని విడువలేదు. ఇచ్చట పెట్టెను తలనిడుకొనిన స్త్రీవిగ్రహము ఒకటి సగము భూమిలో పూడియుండగా, గ్రామస్థులు దానిని తమ పంటలను కాచు తల్లియని నమ్మి, చుట్టును ఎరువు పోసెడివారు. 1801లో క్లార్కు అను ఆంగ్లేయుడు వారు వలదనుచుండగనే దానిని తరలించెను. అది నేడు కేంబ్రిడ్జి వస్తుప్రదర్శనశాలలో నున్నది. దాని జోడు ఎల్యూసిసులోనే కలదు. శిథిలములకు పైన కొండమీద మేరీమాత గుడి చిన్నది యున్నది. విత్తనములకాలపు మాతయని ఆమె పేరు. ఏటేట నవంబరు నెలలో ఆమె పండుగకు ఊరి స్త్రీలు రొట్టెలును, ఉడికించిన పలురకముల గింజలును తెచ్చి నివేదింతురు.

సాయంకాలము తిరుగుప్రయాణమునకు బస్సుకొరకు నిలిచియుండగా, అక్కయ్య దాపున నున్న అంగడిలో దానిమ్మపండు కొని, ఒలిచి మా చేతిలో గింజలు పోసెను. తానును ఒక గింజను నోటికడకు తెచ్చుకొని ఆగి, “ఇది తిన్నచో నన్నును ఏటికి నాలుగునెలలు ఈ యూరనే ఉంచుదురేమో, మీ బావగారికి వంట ఎవరు చేయుదురు?” అనెను.

అని తానే నవ్వెను. మేమును నవ్వితిమి. పండు అయిపోవువరకు బస్సు రాలేదు.