పగులు ఎక్కణ్ణుంచి మొదలైంది

రాత్రి పదిన్నరకి మంచినీళ్ల కోసం లేచి హాల్లోకొస్తే కాలికి తడి తగిలింది. ఫిల్టర్ పైపు ఊడిందేమో అనుకున్నాను. లైటు వేసి చూస్తే అక్వేరియం ముందు అద్దం మీద, ఎడమ మూలకి జానెడు ఇవతల, కింద నుంచి పైకి ఒక సన్నటి గీత. వెంట్రుక అంటుకుందేమోనని తుడవబోయాను. వేలికి నీళ్లంటాయి.

మాది ఐదడుగుల ట్యాంకు. ఎత్తు రెండడుగులు, వెడల్పూ అంతే. 12 ఎంఎం అద్దం. దాదాపు 500 లీటర్ల నీళ్లు, వాటిలో ఒకే ఒక్క ఆస్కార్ చేప. ఏడేళ్ల కింద తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండేది, ఇప్పుడు అడుగుకి అంగుళం తక్కువ. "ఇంత పెద్ద తొట్టిలో ఒక్కటేనా?" అని ఇంటికొచ్చినవాళ్లందరూ అడుగుతారు. ఒకసారి రెండోదాన్ని వేసి చూశాం. పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ పేరు మావాడు పెట్టిందే.

మేముండేది మూడో అంతస్తులో. రెండో అంతస్తు వాళ్లు ఆ మధ్యనే కొత్తగా ఫాల్స్ సీలింగ్ చేయించుకున్నారు. అద్దం పూర్తిగా విడిపోతే ఏమవుతుందో ఆలోచించాల్సిన అవసరం లేకుండానే అర్థమైంది. బకెట్లు, మగ్గులు, ట్యూబు అన్నీ తెచ్చి నీళ్లు తోడటం మొదలుపెట్టాం. ఇంజనీరింగ్ చదువు నాకు నిజంగా అక్కరకొచ్చిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి. నీటి ఒత్తిడి లోతుని బట్టి ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు మా ముందు అద్దాన్ని నీళ్లు దాదాపు 240 కిలోల బరువుతో బయటికి నెడుతుంటాయి. లోతు సగానికి తగ్గిస్తే ఈ నెట్టుడు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. కాబట్టి మొదటి పది బకెట్లే ముఖ్యం. సగం దాకా తీసేసరికి కారడం బాగా తగ్గింది. ఆస్కార్‌ని బాల్కనీలో నీళ్ల కోసం పెట్టుకున్న నీలం డ్రమ్ములోకి, ట్యాంకు నీళ్లతో సహా మార్చాం. ఫిల్టర్ కూడా అందులోకే. ఫిల్టర్ స్పాంజిలో ఉండే బాక్టీరియా చేప వదిలే అమోనియాని మారుస్తూ ఉండాలి, అది ఎండిపోతే అద్దం బాగుపడ్డా చేప మిగలదు.

పని సద్దుమణిగాక, పన్నెండు గంటలకి, నేను మావాణ్ణి నిద్రలేపాను.

ఇది రాయడానికి ఇబ్బందిగానే ఉంది. వాడికి ఎనిమిదేళ్లు. హాల్లో టెన్నిస్ బంతితో ఆడొద్దని రోజుకి రెండుసార్లు చెబుతుంటాను. ఆ సాయంత్రం కూడా ఆడాడు, ఏదో 'ఠప్' మన్న చప్పుడు ఆఫీసు కాల్‌లో ఉండగా నాకు వినిపించింది. "బంతి సోఫాకి తగిలింది నాన్నా" అన్నాడు, కళ్లు నలుపుకుంటూ. నేను అరిచాను. అద్దాన్ని చూపించి మళ్లీ అడిగాను. మళ్లీ సోఫా అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు "నేనే కొట్టా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కలిగింది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఒక రకమైన తెరిపి. కారణం తేలింది, ఇక పడుకోవచ్చు.

ఆఫీసులో ఏదైనా సిస్టం కూలిపోతే మర్నాడో ఎల్లుండో ఒక మీటింగ్ పెడతాం. దానికో నియమం ఉంది. ఎవరు చేశారని అడగకూడదు, ఏం జరిగిందని అడగాలి. మనుషుల్ని భయపెడితే నిజం కాదు, మనకి కావలసిన జవాబు వస్తుందని కొత్తగా చేరిన కుర్రాళ్లకి వివరిస్తాం. మా టీమ్‌లో మూడేళ్లుగా ఆ మీటింగులు నడుపుతున్నది నేనే.

పడుకోవచ్చనుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఫోనులో బెర్లిన్ ఆక్వాడోమ్ గురించి చదువుతూ కూర్చున్నాను. హోటల్ మధ్యలో నిలువెత్తు స్తంభంలా ఉండే ఆ అక్వేరియం 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున ఉన్నట్టుండి బద్దలైంది. సుమారు 10 లక్షల లీటర్ల నీళ్లు వీధిలోకి పోటెత్తాయి. దాదాపు 1500 చేపల్లో చాలావరకు చనిపోయాయి. అది గాజు కాదు, ఆక్రిలిక్. ముక్కలన్నీ పోగేసి నెలల తరబడి పరిశీలించిన నిపుణుడు చివరికి మూడు కారణాలకి అవకాశం ఉందన్నాడు, ఇదే కారణమని తేల్చి చెప్పలేకపోయాడు. అంతటిదానికి అన్ని నెలలు పట్టింది, నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను. కానీ ఆ పోలిక ఆ రాత్రి నాకు తట్టలేదు. మనది చిన్న ట్యాంకే, నయం, అనుకున్నాను.

పొద్దున్నే మా కాలనీ చివర అద్దాల కొట్టు మేస్త్రిని పిలుచుకొచ్చాను. లోపలి వైపు ఇంకో గాజు ముక్క సిలికాన్‌తో అతికిస్తే ఎలా ఉంటుందని అడిగాను. మా భాషలో హాట్‌ఫిక్స్. ఆయన నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు.

"పగిలిన అద్దం అతకది సార్. అతికినట్టు కనబడ్తది. ముందరి అద్దం మొత్తం తియ్యాలె."

తర్వాత కింద కూర్చుని గీత మీద గోరు ఆనించి పైదాకా నడిపించాడు. "గీ పర్రె కింద నుంచి మొదలైంది. పైన ఏం తగల్లే. తగిల్తే చుక్క పడ్తది, చుక్క చుట్టు చీల్తది. కింద ఏమన్న గుచ్చుకుంటున్నదేమో, లేపి సూడుండ్రి."

ఖాళీ ట్యాంకే 100 కిలోలు దాటుతుంది. వాచ్‌మన్, ఎదురింటాయన, మేస్త్రి, నేను. నలుగురం కలిసి లేపి పక్కన పరుపు మీద పెట్టాం. స్టాండు మీద ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు. ఎడమ మూలకి జానెడు ఇవతల థర్మోకోల్‌లో గుండ్రటి చిల్లు. ఆ చిల్లులోంచి ఒక స్క్రూ తల పైకి చూస్తోంది. ప్లైవుడ్ కంటే రెండు మిల్లీమీటర్లు ఎత్తు. దాని మీద సరిగ్గా ముందు అద్దం అంచు కూర్చుని ఉందన్నమాట. అంచు దగ్గర గోరంత చిప్ప లేచి ఉంది, గీత పుట్టింది అక్కడే.

ఆ స్క్రూ నేను బిగించిందే. రెండేళ్ల కింద ఇల్లు మారినప్పుడు కొత్తగా డ్రిల్లింగ్ మెషిన్ కొన్నాను. వడ్రంగిని పిలుద్దామని మా ఆవిడ అంటే, నాలుగు స్క్రూలకి వడ్రంగి ఎందుకన్నాను.

మరి రెండేళ్లు ఆగి ఇప్పుడెందుకు పగిలింది? దీని సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. గాజు బలం గురించి ఎ. ఎ. గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజనీర్ రాసిన పేపర్ 1921లో అచ్చయింది. లెక్కల ప్రకారం గాజుకి ఉండాల్సిన బలంలో చిన్న వంతే నిజంగా ఎందుకుంటుందన్నది ఆయన ప్రశ్న. సన్నటి గాజు దారాలు తీసి లాగి చూశాడు. దారం ఎంత సన్నదైతే అంత గట్టిగా ఉంది, ఎందుకంటే అందులో లోపాలకి చోటు తక్కువ. మామూలు గాజులో కంటికి కనబడని గాట్లు ఉంటాయి, బలమంతా వాటి కొన దగ్గర పోగవుతుంది. దీనికి తోడు తేమ. గాటు కొన దగ్గర సిలికాన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న బంధాలని నీరు ఒక్కొక్కటిగా కొరుక్కుంటూ పోతుంది. బరువు పెరగక్కర్లేదు. అదే బరువు, అదే స్క్రూ, నీళ్లు మార్చిన ప్రతిసారీ అంచున చేరే తడి. నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉండి, ఒకరోజు మూరెడు పొడవున చీలుతుంది.

నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద సమీక్షలు రాస్తుంటాను. ఫలానా కథ ముగింపు దగ్గర చెడింది అని చాలాసార్లు రాశాను. చెడింది అక్కడేనా, కనబడింది అక్కడా అని ఎప్పుడైనా చూశానా అంటే అనుమానమే. పాత సమీక్షలు తిరగేసి చూద్దామనుకుని, ధైర్యం చాలక మానేశాను.

మావాడు అన్నీ చూస్తూనే ఉన్నాడు, తలుపు దగ్గర నిలబడి. పిలిచి స్క్రూ చూపించాను. అద్దం పగిలింది దీనివల్ల, దీన్ని సరిగా బిగించనిది నేను, నువ్వు కొట్టలేదు, అన్నాను. నిన్న అరిచింది కూడా తప్పే అన్నాను. నాలో ఇంజనీరు ఆ క్షణంలో కూడా ఊరుకోలేదు. 'బంతి కూడా ఒక కారణం అయ్యుండొచ్చుగా, కాదని నిరూపించలేం కదా' అని లోపల గొణుగుతున్నాడు. వాణ్ణి నోరు మూసుకోమన్నాను.

"మరి కొట్టానని ఎందుకన్నావు?"

"నువ్వు అరవడం ఆపుతావని."

కాసేపాగి, "మరి నిన్నెవరు తిడతారు?" అని అడిగాడు. సీరియస్‌గానే. వంటింట్లోంచి వాళ్లమ్మ "ఆ పని నేను చూసుకుంటాలే" అంది.

తర్వాత వారం మొత్తం పనే. మేస్త్రి కొట్టులో కిరసనాయిలులో ముంచిన కట్టర్‌తో కొత్త అద్దం కోయించి, అంచులు పాలిష్ పట్టించి తెచ్చాను. 28 కిలోలు. పాత అద్దాన్ని విడదీయడానికి సన్నటి స్టీలు తీగని సిలికాన్ మధ్యలోంచి రంపంలా లాగాలి. అది ఒక పూట. అసలు తిప్పలు ఆ తర్వాత. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కి అంటుకోదు. గాజుకి అంటుకుంటుంది, దానికి మాత్రం అంటుకోదు. అంటుకున్నట్టే ఉండి కొన్నాళ్లకి పొరలా ఊడొస్తుంది. కాబట్టి అడుగు పలకా, పక్క పలకలూ కొత్త అద్దాన్ని తాకే ప్రతి అంచునీ బ్లేడుతో గీకాలి. శుభ్రంగా ఉందనుకున్న చోట కూడా కంటికి ఆనని జిడ్డు పొర ఒకటి మిగిలుంటుంది. స్పిరిట్‌తో తుడిచి, టార్చి లైటు ఏటవాలుగా వేస్తే మసకగా తెలుస్తుంది.

టార్చి పట్టుకునే పని మావాడిది. బ్లేడు ముట్టనివ్వలేదని మొదట అలిగాడు, తర్వాత నా తప్పులు పట్టడంలో ఉన్న ఆనందం వాడికి అర్థమైంది. "ఇక్కడ ఇంకా ఉంది." గీకాను. "ఇక్కడ కూడా." గీకాను. మూడు సాయంత్రాలు ఇదే. మూడో రోజు రాత్రి వాడు పాస్ చేశాక గానీ మేస్త్రికి ఫోన్ చేయలేదు.

అతికించడం మాత్రం పది నిమిషాల్లో అయిపోయింది. అవ్వాలి కూడా, సిలికాన్ మీద త్వరగా పొర కట్టేస్తుంది. అంచుల పొడవునా తెగకుండా ఒకే ధారగా గన్‌తో వేసి, రబ్బరు పట్టులతో అద్దం ఎత్తి ఆనించాం. గట్టిగా నొక్కితే సిలికాన్ అంతా బయటికొచ్చేసి గాజూ గాజూ తగులుతాయి, మధ్యలో మెత్తగా కొంచెం మిగలాలి. మేస్త్రి చెయ్యి దానికి అలవాటుపడ్డది. నేను టేపులు మాత్రం వేశాను. ఇల్లంతా ఘాటు వాసన. గాలిలో తేమని తీసుకుని గట్టిపడుతూ సిలికాన్ వదిలే ఎసిటిక్ ఆమ్లం అది. "నూడుల్స్ బండి వాసన" అన్నాడు మావాడు. సరిగ్గా అదే.

పది రోజులు ఆగాం. స్టాండు మీద ప్లైవుడ్ మార్పించాను, ఈసారి వడ్రంగితో. కొత్త థర్మోకోల్ వేశాం. నీళ్లు ఒక్కసారి నింపలేదు. మొదటి రోజు అరడుగు, కింద నేల మీద న్యూస్‌పేపర్లు పరిచి. పొద్దున్నే పేపర్లు పొడిగా ఉన్నాయి. మర్నాడు ఇంకో అరడుగు. నాలుగో రోజుకి నిండింది. ఐదో రోజు ఆస్కార్‌ని వదిలితే అడుక్కి పోయి పక్కకి ఒరిగి పడుకుంది. పోయిందనుకుని మావాడు ఏడ్చినంత పని చేశాడు. ఆస్కార్లకి అలగడం ఉంది, చోటు మారిస్తే ఇలాగే పడుకుంటాయి. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడో రోజు మావాడి చేతిలోంచి రొయ్య లాక్కుని, వాడి చొక్కా తడిపింది.

పేపర్లు ఇంకా తీయలేదు. రోజూ పొద్దున వంగి ఒకసారి తడిమి చూస్తాను.

మావాడు హాల్లో బంతి పట్టడం మానేశాడు. ఆడుకోమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఇరవై రోజులు దాటాక, మొన్న శనివారం, లోపల పనిచేసుకుంటుంటే 'ఠప్' మని వినిపించింది. కుర్చీలోంచి సగం లేచాను. మళ్లీ 'ఠప్'. సోఫా చప్పుడే. కూర్చున్నాను.