మా వాడ ముచ్చట్లు – 14: రెండు చీటీలు



మా పెద్దమ్మ కొడుక్కి మెడ కింద గడ్డ లేచింది. టీబీ అనుకుని మందులిచ్చారు, తగ్గలేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా. అన్నకి ముందే హెచ్ఐవీ ఉంది.

కీమో మొదలైంది. రెండో విడత కీమోకి జ్వరం, నోటి నిండా పుళ్లు. నేను వెళ్లి సంచి వెతికితే ఏఆర్‌టీ మాత్రల డబ్బా లేదు.

"ఇంట్లో పెట్టొచ్చా తమ్ముడూ. పక్క మంచమోళ్లు డబ్బా గుర్తుపడితే? చిన్నప్పుడు హోటల్లో వేరే గ్లాసు చూశాను. మళ్లీ చూడలేను" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

1996కి ముందు ఇలాంటి రోగికి పూర్తి కీమో ఇవ్వడానికి డాక్టర్లు జంకేవాళ్లు. ఒళ్లు తట్టుకోదని మోతాదు తగ్గించేవాళ్లు. వైరస్‌ను అణిచే మందుల కలయిక వచ్చాకే, రెండూ కలిపి ఇచ్చి చాలామందిని బతికించగలిగారు. ఏఆర్‌టీ ఆపితే కీమో ఒక్కటే పోరాడాలి.

అన్ని మాత్రలూ కీమోతో కుదరవు. జిడోవుడిన్ రక్తకణాలను తగ్గిస్తుంది, కీమోదీ అదే పని. రిటోనవిర్ కొన్ని కీమో మందుల విషాన్ని పెంచుతుంది. డోలుటెగ్రవిర్‌తో ఆ పేచీ తక్కువ. అందుకే ఇద్దరు డాక్టర్లూ రెండు చీటీలూ చూడాలి.

ఆ సాయంత్రం డబ్బా తెప్పించాను. రెండు చీటీలూ డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆరు విడతలూ అయ్యాయి. గడ్డ కరిగింది.

హెచ్ఐవీ ఉందని వైద్యంలో వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది. అన్నకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గ్లాసు సంగతి మాత్రం ఊరే నేర్పింది.

మీ ఇళ్లలో ఎవరైనా డబ్బా దాస్తుంటే, తిట్టకండి. పక్కన కూర్చోండి.

జై భీమ్.