మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ దాకా

క్రైస్తవుల ఇళ్లలో పని ఎక్కువగా ఉండే వారాలు ఏడాదికి రెండు. ఒకటి క్రిస్మస్ వారం, రెండోది ఈస్టర్ ముందు వచ్చే పరిశుద్ధ వారం. క్రిస్మస్‌కి బడి సెలవులు ఉంటాయి కాబట్టి ఎలాగో గడిచిపోతుంది. పరిశుద్ధ వారం అలా కాదు. అది మార్చి నెలాఖరులోనో ఏప్రిల్‌లోనో, అంటే సరిగ్గా మన పరీక్షల సమయంలో వస్తుంది. 2025లో ఏప్రిల్ 13 మట్టల ఆదివారం, 18 శుభ శుక్రవారం, 20 ఈస్టర్. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇల్లు, బడి, గుడి మూడూ ఒకేసారి నామీద పడిన ఆ వారం గురించి రాస్తున్నాను. మేము చర్చిని గుడి అనే అంటాం.

మా ఇల్లు కోవిల్‌పట్టిలో. చుట్టూ నల్లరేగడి నేల, దాన్ని ఇక్కడ కరిసల్ అంటారు. మా ఊరి పేరు చెప్పగానే అందరికీ వేరుశనగ మిఠాయి గుర్తుకొస్తుంది. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మా వీధిలో చాలామందికి అన్నం పెట్టేది అగ్గిపెట్టె. మా అమ్మ కూడా అగ్గిపెట్టెల కంపెనీకే పోతుంది. 2021 డిసెంబర్ 1 నుంచి అగ్గిపెట్టె ధర ఒక రూపాయి నుంచి రెండు రూపాయలయింది. 14 ఏళ్ల తర్వాత పెరిగిన ధర అది. అమ్మకి మాత్రం ఎన్ని పెట్టెలు నింపితే అంత కూలి. పోని రోజుకి కూలి లేదు. నాయన లోడ్ ఆటో నడుపుతారు. తమ్ముడు అప్పుడు ఏడో తరగతి.

ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. ఈ కరిసల్ నేలలో తెలుగు మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్‌ది కూడా తెలుగు ఇల్లే. తెలుగువాళ్లు ఈ నేలకు వచ్చి స్థిరపడిన కథనే ఆయన తమిళంలో రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా ఇల్లూ కొంచెం అలాంటిదే. మాట తెలుగు, రాత తమిళం. అమ్మకి, నాయనకి తెలుగు అక్షరాలు రావు. మా గుడిలో పాట, ప్రార్థన, ప్రసంగం అన్నీ తమిళంలోనే. నేను మన బడిలో చదువుతున్నాను కాబట్టి తెలుగు వచ్చింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం వల్ల తమిళం కూడా తప్పనిసరిగా నేర్చుకున్నాను. అలా మా ఇంట్లో రెండు లిపులూ చదవగలిగిన మొదటి మనిషిని నేనే. ఆ సంగతి ఎంత ముఖ్యమో నాకు ఆ వారంలోనే తెలిసింది.

అంతకు పది రోజుల ముందు విరుదునగర్‌లో మా అవ్వ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు. అవ్వ ఉండేది మా మామ ఇంట్లో. మామ నూనె మిల్లులో పని చేస్తారు. అత్త చేతిలో ఆరు నెలల పాప. సోమవారం అవ్వని ఆస్పత్రి నుంచి ఇంటికి తెస్తున్నారు. లేపి కూర్చోబెట్టడానికి, పక్కకి తిప్పడానికి ఒక మనిషి ఉండి తీరాలి.

ఆదివారం

మట్టల ఆదివారాన్ని తమిళంలో కురుత్తోలై ఞాయిఱు అంటారు. కురుత్తోలై అంటే లేత ఆకు. మా వైపు తాటిచెట్లు ఎక్కువ కాబట్టి లేత తాటాకులే తెస్తారు. తెల్లవారకముందే నేనూ ఇంకో ఇద్దరు అమ్మాయిలూ గుడికి పోయి ఆకులు చీల్చి చిన్నపిల్లలకి సిలువలు అల్లి ఇచ్చాం. ఊరేగింపులో వాళ్లని వరుసలో నడిపించే పని కూడా మాదే.

సాయంత్రం ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అమ్మ పోతే వారం కూలి పోతుంది. పోకపోతే అవ్వకి దిక్కు లేదు. "పిల్లకి పరీక్షలు గదా, ఇల్లు ఎవురు చూసేది?" అన్నారు నాయన. అమ్మ నా వైపు చూడలేదు. చూస్తే నేను ఒప్పుకుంటానని ఆమెకి తెలుసు. నేనే క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో పనులు రాశాను. నీళ్లు, అన్నం, గిన్నెలు, బట్టలు, తమ్ముడి చదువు, నా పరీక్షలు, గుడి ఊడ్చేది, పాటల అభ్యాసం, శుక్రవారం మూడో మాట. రాసినాక తమ్ముడికి పెన్సిల్ ఇచ్చి, "నీ పేరు ఏయే పనుల పక్కన రాసుకుంటావో రాసుకో" అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించి గిన్నెల పక్కన రాశాడు. తర్వాత అమ్మ ముఖం చూసి నీళ్ల పక్కన కూడా రాశాడు.

సోమవారం నుంచి బుధవారం దాకా

సోమవారం తమిళ కొత్త సంవత్సరం, సెలవు. అమ్మ మొదటి బస్సుకే పోయింది. టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకి 2021 నుంచి టికెట్ లేదు గానీ విరుదునగర్ బస్సుకి కొనాల్సిందే. ఆ రోజు మాకు నీళ్ల రోజు. మా ఊరికి మంచినీళ్లు సీవలప్పేరి దగ్గర తామ్రపర్ణి నది నుంచి వస్తాయి. మా వీధికి రోజూ రావు. వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి బిందె, బకెట్, డ్రమ్ము నింపాలి. ఆ రెండు గంటలు ఇల్లు వదిలి పోవడానికి లేదు. తమ్ముడు మోశాడు, నేను పట్టాను.

మంగళవారం అన్నం నేను వండాను, పులుసుకి అమ్మ ఫోన్‌లో కొలత చెప్పింది. బుధవారం నాకు లెక్కల పరీక్ష కాబట్టి వంట తమ్ముడిది. అన్నం కింద మాడింది, పైన బాగుంది. నాయన పైది మాకు పెట్టి మాడింది ఆయన వేసుకొని, "కమ్మగుంది రా" అన్నారు. ఆ తర్వాత తట్ట ఆయనే కడుక్కున్నారు. మా ఇంట్లో నేను అంతకుముందు చూడని దృశ్యం అది. రాత్రిళ్లు ఏడు నుంచి ఎనిమిది దాకా గుడిలో పాటల అభ్యాసం. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో పాట ఎత్తుకోవడం ఆ ఏడాది నాకు ఇచ్చారు. నెల రోజులుగా దానికోసం చూస్తున్నాను.

గురువారం

సాయంత్రం స్త్రీల సంఘం వాళ్లతో కలిసి గుడి ఊడ్చి, తుడిచి, చాపలు దులిపాం. రాత్రి ప్రభు భోజనపు ఆరాధన. ఇంటికి వచ్చేసరికి అమ్మ ఫోన్. శుక్రవారం కంపెనీ సెలవు, శనివారం పని ఉంది. అప్పటికే నాలుగు రోజుల కూలి పోయింది. శనివారం కూడా పోకపోతే నెల వడ్డీ కట్టడానికి లేదు. అమ్మ ఇంతే చెప్పింది, రమ్మని అడగలేదు. వెనక నుంచి అవ్వ గొంతు వినబడింది. "పండగపూట పిల్లని పిలవద్దు మే. నేను ఎట్లనో పడుంటా."

నేను పోతే ఈస్టర్ పాట పోతుంది. పోకపోతే కూలి పోతుంది. పాట ఎత్తుకోవడానికి గుడిలో ఇంకో నలుగురు ఉన్నారు. అవ్వని లేపడానికి శనివారం ఎవరూ లేరు. ఇలా విడమర్చి చూసుకున్నాక తేల్చుకోవడం సులువైంది. ఏడుపు మాత్రం వచ్చింది. ఆదివారపు బడి అక్కకి ఫోన్ చేశాను. "మూడో మాట ఒంటిగంటకి ముందే అయిపోతుంది, చదివేసి పో" అన్నారు.

శుక్రవారం

శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలని ఒక్కొక్కటిగా చదివి ధ్యానిస్తారు. ఆ ఏడూ ఒకేచోట లేవు. లూకా సువార్తలో మూడు, యోహాను సువార్తలో మూడు, మత్తయి, మార్కు సువార్తల్లో ఒకటే మాట. నా వంతుకి వచ్చిన మూడో మాట యోహాను 19వ అధ్యాయంలోది. సిలువ దగ్గర నిలబడిన తల్లిని ఒక శిష్యుడికి అప్పగించి, ఆ శిష్యుణ్ణి తల్లికి కొడుకుగా చూపించిన మాట. ఆ శిష్యుడు ఆమెని తన ఇంటికి తీసుకుపోయాడని ఆ తర్వాత ఉంటుంది. ఇంట్లో పదిసార్లు చదువుకున్నప్పుడు అది నాకు ఒక పాఠంలాగే ఉండింది. ఆ రోజు నా సంచి గుడి గుమ్మం పక్కన ఉంది. చదువుతుంటే గొంతు కొంచెం ఆగింది.

ఒంటిగంట బస్సు. సాత్తూరు దాటేదాకా నిలబడే పోయాను. విరుదునగర్‌లో దిగేసరికి ఎండ మండిపోతోంది. అమ్మ నాకు అవ్వని ఎలా పట్టుకోవాలో, ఏ కాలు మీద బరువు పడకూడదో, మాత్రలు ఏవి ఎప్పుడో చూపించి సాయంత్రం బస్సుకి కోవిల్‌పట్టి పోయింది.

రాత్రి అవ్వ అడిగింది. "గుడిలో ఏం సదివినావు?" తమిళంలో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "మన మాటలో చెప్పు." అవ్వ బీరువాలో తాత కొన్న తెలుగు బైబిల్ ఒకటి ఉంది. తాత పోయినాక దాన్ని తెరిచినవాళ్లు లేరు. మామకి, అత్తకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను యోహాను 19వ అధ్యాయం మొదటి నుంచి చదివాను. పాత పుస్తక భాష కాబట్టి కొన్ని మాటలు నాకే తిరగలేదు. అవ్వకి తిరిగాయి. తాత చదవగా విన్నది ఆమె మరిచిపోలేదు. మూడో మాట దగ్గర అవ్వ నన్ను ఆపి, "అంత నొప్పిలో కూడా అమ్మ ఎవురింట్లో ఉండాల్నో చూసి పెట్టినాడు సూడు" అంది. అప్పటికి మామ పని నుంచి వచ్చి గడప దగ్గరే నిలబడి వింటున్నారు. తర్వాత అవ్వ పక్కన కూర్చుని ఆమె కాళ్లకి నూనె రాశారు.

శనివారం, ఆదివారం

శనివారం పొడవైన రోజు. ముసలివాళ్లని చూసుకోవడం అంటే మాత్రలు ఇవ్వడం మాత్రమే అనుకునేవాళ్లు ఒక రోజు ఉండి చూడాలి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. నడిచే స్టాండు పట్టించి నాలుగడుగులు వేయించాలి. దొడ్డికి కూర్చోబెట్టాలి. అప్పుడు అవ్వ ముఖం తిప్పుకుంది. "నిన్ను నేను కడిగినా, ఇప్పుడు నువ్వు నన్ను కడగతావుండావు" అంది. నేను ఏమీ అనలేదు. తల దువ్వి జడ వేశాను. జావ తాగించాను. మధ్యలో పాపని ఎత్తుకుంటే అత్త బట్టలు ఉతుక్కుంది. పుస్తకం తెరిచింది మధ్యాహ్నం ఒక్క గంటే.

ఈస్టర్ రోజు నాలుగు గంటలకి గుడి గంట వినబడింది. మామ, అత్త, పాప గుడికి పోయారు. నేను, అవ్వ ఇంట్లో ఉన్నాం. ఆ సమయంలో కోవిల్‌పట్టిలో పాట ఎత్తుకుని ఉంటారు. అవ్వకి అర్థమైనట్టుంది. "ఆ పాట ఈడ పాడు" అంది. పాడాను. తాళం లేదు, కోరస్ లేదు. ఆరు గంటలకి తమ్ముడు ఫోన్ చేశాడు. పాట ఇంకో అక్క బాగా పాడిందట. గుడినుంచి వచ్చి వాడే కాఫీ పెట్టి అమ్మకి ఇచ్చాడట. మొదటిది నాకు కొంచెం నొప్పిగా, రెండోది చాలా సంతోషంగా అనిపించింది.

ఈ వారం గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. గుడి పని వేరు, ఇంటి పని వేరు అని మనం విడగొడతాం. గుడి పనికి పేరు వస్తుంది, చప్పట్లు వస్తాయి. ఇంటి పని ఎవరూ లెక్కపెట్టరు. పైగా అది అమ్మదో అక్కదో అని ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. కానీ ఆ మూడో మాట ఇంటి పని గురించే. ముసలి తల్లి ఎక్కడ ఉండాలి, ఆమెని ఎవరు చూసుకోవాలి అన్నదే ఆ మాట. మా ఇంట్లో ఆ క్యాలెండర్ ఇంకా ఉంది. తమ్ముడి పేరు గిన్నెల పక్కన, నీళ్ల పక్కన అలాగే ఉంది, పని కూడా వాడే చేస్తున్నాడు. అవ్వ ఇప్పుడు కర్ర పట్టుకుని గడప దాకా నడుస్తుంది.

నా తోటి విద్యార్థులకి ఒక మాట. తెలుగు మీడియంలో చదివితే ఏం లాభం అని మనల్ని చాలామంది అడుగుతారు. ఉద్యోగాల సంగతి పెద్దవాళ్లు చెప్తారు. నాకు తెలిసిన లాభం ఒకటుంది. మన ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని అవ్వలు, తాతలు, అమ్మలు, నాన్నలు ఉన్నారు. మీది ఏ మతమైనా సరే, వాళ్లు వినాలనుకునే పుస్తకం ఒకటి ఇంట్లో ఎక్కడో మూసి ఉంటుంది. ఈ సెలవుల్లో దాన్ని తీసి దుమ్ము దులిపి ఒక గంట చదివి వినిపించండి. చదివినాక గిన్నెలు కూడా కడగండి.