ముందు స్నానాల గది చూపించమనండి

గత అయిదారేళ్ళుగా నా వద్దకు మోకాళ్ళ ఎక్స్-రేలతో వచ్చేవారితో పాటు రంగురంగుల బ్రోచర్లు పట్టుకొని వచ్చేవారూ పెరిగారు. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. సిద్దిపేటలో రెండంతస్తుల ఇంట్లో ఇద్దరే మిగిలిన తల్లిదండ్రుల కోసం హైదరాబాదు శివార్లలోని వృద్ధుల గృహసముదాయాల వివరాలు పంపుతారు. సీనియర్ లివింగ్ కమ్యూనిటీ అన్న మాట ఇప్పుడు మన ఇళ్ళలోనూ వినపడుతున్నది. ఈతకొలను, వ్యాయామశాల, చిన్న సినిమా హాలు, యోగా మంటపం, గుడి, గ్రంథాలయం అన్నీ ఆ బ్రోచర్లో ఉంటాయి. "పోవచ్చునా, వద్దా, డాక్టర్ సాబ్?" అని అడుగుతారు. దీనికి ఒక వైద్యుడు చెప్పగల జవాబు ఉన్నది గాని, దానికి కావలసిన సమాచారం ఆ బ్రోచర్లో అరుదుగా దొరుకుతుంది.

నేనూ నా భార్యా కూడా ఈ యోచన చేశాము. ఇద్దరికీ డెబ్బయి దాటాయి. రెండు మూడు చోట్లకు స్వయంగా వెళ్ళి చూశాము. వెళ్ళిన ప్రతిచోటా మమ్మల్ని మొదట క్లబ్ హౌస్‌కు తీసుకువెళ్ళబోయారు. నేను ముందు స్నానాల గది చూపించమన్నాను. వెంట వచ్చిన కుర్రవాడు విస్తుపోయాడు. నా భార్య మాత్రం నవ్వింది, ఆమెకు నా సంగతి తెలుసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో ఏటా సుమారు 6,84,000 మంది కింద పడటం వల్ల మరణిస్తున్నారు. వారిలో అరవై ఏళ్ళు దాటినవారే అధికం. తుంటి ఎముక విరిగిన వృద్ధులను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. ప్రాణం తీసేది సాధారణంగా ఆ విరిగిన ఎముక కాదు. తరువాత మంచాన పడటం వల్ల వచ్చే న్యుమోనియా, పుండ్లు, కాళ్ళలో గడ్డకట్టే రక్తం ప్రాణం మీదికి తెస్తాయి. రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేచిన మనిషి రక్తపోటు మాత్ర వేసుకొని ఉంటాడు, బహుశా నిద్రమాత్ర కూడా. గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కాలి కింద తడి నేల ఉంటుంది. కాబట్టి ఆ గదిలో నీళ్ళు పోయించి నేల జారుతుందేమో చూడండి. గోడకున్న పిడి మనిషి బరువును ఆపేదా, తువ్వాలు ఆరేసే కడ్డీయేనా అని పట్టుకొని చూడండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే పడిపోయిన మనిషి శరీరమే దానికి అడ్డమవుతుంది. ఇక సహాయం కోసం నొక్కే గంట. నేను చూసిన ఒకచోట అది భుజం ఎత్తున ఉన్నది. నేల మీద పడి ఉన్న మనిషికి అదెలా అందుతుందని అడిగితే వారి వద్ద సమాధానం లేకపోయింది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో ఇటువంటి గృహాల కోసం నమూనా మార్గదర్శకాలను వెలువరించింది. నమూనా కనుక పాటించి తీరాలన్న భయం కట్టేవారికి తక్కువ. అడగవలసిన బాధ్యత మనదే.

వ్యాయామశాలల గురించి నాకు పెద్ద ఆశ లేదు. ట్రెడ్‌మిల్లులు తళతళలాడుతుంటాయి, ఎక్కేవారు కనపడరు. ఉదయం యోగాకు వచ్చేవారు అది లేకపోయినా బాగానే ఉండేవారు. రావలసినవారు గదుల్లో ఉంటారు. అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, దానికి తోడు మూడు రోజులైనా శరీర సమతుల్యానికీ కండబలానికీ సంబంధించిన వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనవాళ్ళు నడక ఒక్కటే వ్యాయామమనుకుంటారు. కాళ్ళ బలం సంగతి మరచిపోతారు. అమెరికాలో మరియా ఫియటరోన్ బృందం ఒక వృద్ధుల సంరక్షణాలయంలో వందమందిపై చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. వారి సగటు వయస్సు 87. పది వారాలు బరువులతో శిక్షణ పొందినవారి కండబలం రెట్టింపుకు మించింది. ఎనభై ఏడేళ్ళకు! "ఈ వయసుల ఇంకేం చేస్తం సారూ" అనేవారికి నేను ఈ సంగతి చెబుతుంటాను. కుర్చీలో నుండి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పన్నెండు సెకండ్లు గాని అంతకు మించి గాని పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు భావించాలి. ఆ సముదాయంలో ఈ పరీక్ష ఎవరైనా చేస్తున్నారా, చేసి ఫిజియోథెరపిస్టుకు అప్పగిస్తున్నారా అన్నది ట్రెడ్‌మిల్లుల సంఖ్య కంటె ముఖ్యం.

సినిమా హాలు విషయంలోనూ ఇంతే. వినపడనివానికి ఆ హాలు వల్ల ఒరిగేదేమున్నది? 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు జబ్బుకు సంబంధించి మనం సరిదిద్దుకోగల కారణాలు పద్నాలుగింటిని పేర్కొన్నది. వినికిడి లోపం, ఒంటరితనం రెండూ వాటిలో ఉన్నాయి. ఏడాదికొకసారి చెవి పరీక్ష, కంటి పరీక్ష, వేసుకునే మాత్రలన్నీ ఒకచోట పోసి ఏవి తీసివేయవచ్చో చూసే వైద్యుడు, ఈ మూడూ ఉంటే ఈతకొలను లేకపోయినా నాకు చింత లేదు.

ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని మాట చెప్పాలి. మా ఊరివారే. అటువంటి ఒక సముదాయంలో చేరి బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు నన్ను కలిసి నిద్రమాత్ర రాయమన్నారు. అక్కడ ఏమైనా లోటా అన్నాను. "ఏ లోటు లేదు సార్. మంచినీళ్ళు గూడ తెచ్చిస్తరు. కని నాతోని ఎవ్వలకు పనిలేదు" అన్నారు.

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధాశ్రమంలో జరిపిన ప్రయోగాన్ని ప్రకటించారు. ఒక అంతస్తులోని వారికి మీ నిర్ణయాలు మీరే చేసుకోవచ్చునని చెప్పి, చెరొక మొక్క ఇచ్చి, పెంచే బాధ్యత వారికే విడిచారు. మరొక అంతస్తులోని వారికీ మొక్కలిచ్చారు గాని, నీళ్ళు సిబ్బంది పోస్తారని చెప్పారు. మూడు వారాలకే మొదటివారు ఎక్కువ చురుకుగా, సంతోషంగా కనిపించారు. అధ్యయనం చిన్నది, ఏడాదిన్నర తరువాతి మరణాల లెక్కలకు సవరణ కూడా వచ్చింది. అయినా ప్రధానోపాధ్యాయుని మాట విన్న నాకు దాన్ని కొట్టివేయడం సాధ్యం కాదు. వారికి మాత్ర రాయలేదు. అక్కడ పనిచేసేవారి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పవచ్చునేమో యాజమాన్యాన్ని అడగమన్నాను. ఇప్పుడు నలుగురు పిల్లలు వస్తున్నారట. నిద్ర సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. అందుకే చూడబోయినప్పుడు ఈ వారం వంట ఏమిటో ఎవరు నిర్ణయిస్తారని అడగండి. జొన్నరొట్టె, పచ్చిపులుసు కావాలంటే చెప్పుకునే సంఘం ఉన్నదా? ఉంటే అందులో నివాసులు ఉన్నారా?

ఇదంతా పెద్ద మొత్తాలు చెల్లించగలవారి ముచ్చట. గొల్లభామ చీరలు నేసి నడుము వంగిన వృద్ధునికి ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలైంది. దానితో ఏ క్లబ్ హౌసూ రాదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటిగా, 150 మందికి తక్కువ కాకుండా పట్టే ఆశ్రమాలను రాష్ట్రాలు దశలవారీగా నెలకొల్పవచ్చునని అందులో ఉన్నది. "వచ్చు" అన్న ఆ ఒక్క మాట వద్దనే పని ఆగిపోతుంది. కాని పైన నేను మంచివని చెప్పినవాటిలో చాలావాటికి ప్రహరీగోడ అవసరం లేదు. మా కోమటిచెరువు కట్ట మీద ఉదయం నడిచే ముసలివాళ్ళం కొందరము చివర అయిదు నిమిషాలు ఆగి, ఊత పట్టుకొని, ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి నిలబడతాము. చూసేవారు నవ్వితే నవ్వనీ. రెండు రోజులు ఎవరైనా కనపడకపోతే మూడో రోజు ఒకరు వారి ఇంటికి వెళ్ళి తలుపు కొడతారు. దీనికి మేము పెట్టిన పేరంటూ లేదు.

అలాగని ఇల్లే స్వర్గమని నేననను. ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మ రాత్రి వంటింట్లో పడి, పాలవాడు వచ్చేదాకా నేల మీదే ఉండిపోయింది. చుట్టుపక్కల రెండిళ్ళకూ తాళాలే. ఎముక విరగలేదు గాని, అన్ని గంటలు కదలక పడి ఉన్నందువల్ల కండరాలు చితికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అటువంటివారు, మతిమరుపు మొదలైనవారు, జీవితభాగస్వామిని ఎత్తి కూర్చోబెట్టలేనివారు మంచి సముదాయం దొరికితే వెళ్ళడమే మేలని నిస్సంకోచంగా చెబుతాను.

మేము ప్రస్తుతానికి ఇక్కడే ఉన్నాము. మేస్త్రీని పిలిచి స్నానాల గదికి పిడులు బిగించి, తలుపు బయటికి తిప్పించాము. ఇద్దరిలో ఒకరమే మిగిలిననాడు మళ్ళీ ఆలోచిస్తాము. అప్పుడు డబ్బు కట్టేముందు అడగవలసిన ప్రశ్న ఒకటి రాసిపెట్టుకున్నాను: మనిషి మంచాన పడితే అక్కడే ఉంచుకుంటారా? ఇటువంటి చోట్లు కొన్ని తమ పని తాము చేసుకోగలవారికే ఉద్దేశించినవి. మేము చూసిన ఒకచోట నిర్వాహకుడు నిజాయితీగానే చెప్పాడు, "అప్పుడు మీ పిల్లలకు ఫోన్ చేస్తాం సార్" అని. దీనికి జవాబు ఏదైనా సరే ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. ఆ ఫోన్ అందుకోవలసిన కొడుకో కూతురో డబ్బు కట్టేముందే దాన్ని చదివి ఉండాలి.