పందికొక్కు సాక్షిగా

నాది పదో తరగతి దాకా మా ఊరి హైస్కూలు, తెలుగు మీడియం. ఇక్కడ మొదటి సంవత్సరం జువాలజీ రికార్డులో పక్షి బొమ్మ వేసి, కింద ఇంగ్లీషులో పేరు రాశాను. 'ఐ' తర్వాత రావలసిన 'ఆర్' ముందుకొచ్చి, 'బర్డ్' కాస్తా 'బ్రిడ్' అయింది. లెక్చరర్ గారు ఎర్రసిరాతో చుట్టి వదిలేశారు. హాస్టలు మిత్రులు మాత్రం వదల్లేదు. నా పేరే 'బ్రిడ్డు' అయి కూర్చుంది. తర్వాత ఏడాది పాటు క్లాసులో లేచి ఒక్క ప్రశ్న అడగలేదంటే నమ్మండి.

నిరుడు లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తుంటే ఆ మాటే కంటబడింది. పాత ఇంగ్లీషులో పక్షిపిల్లను 'బ్రిడ్' అనేవారట! 14వ శతాబ్దంలో ఛాసర్ కవి రాసిందీ అలాగే. తర్వాత జనం నోట అక్షరాలు తారుమారై, ఆ తారుమారే ఒప్పయింది.

ఇక నాకు నిద్ర పట్టలేదు. 'ఆడర్' అనే పాముకి అసలు పేరు 'నాడర్'. 'ఎ నాడర్' అనేదాన్ని జనం తప్పుగా విడదీసి 'యాన్ ఆడర్' చేశారు. కప్పకు చుట్టమైన 'న్యూట్' కథ దీనికి తిరకాసు. దాని 'న' పక్కనున్న 'యాన్' నుంచి వచ్చి అతుక్కున్నదే. 'డీర్' అంటే ఒకప్పుడు ఏ జంతువైనా సరే, ఇప్పుడు జింక జాతి మాత్రమే. మన 'మృగం'లోనూ ఆ రెండర్థాలూ ఉన్నాయి కదా!

అన్నిటికన్నా నన్ను కదిలించింది 'బాండికూట్'. అది మన తెలుగు 'పందికొక్కే'. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ సంగతి చెప్పింది. ఆ జంతువు శాస్త్రీయ నామం 'బాండికోటా'లోనూ మన మాటే ఉంది. ఆస్ట్రేలియాలో సంచి ఉన్న వేరే జంతువుకి కూడా అదే పేరు పెట్టారు.

సంక్రాంతి సెలవుల్లో నాన్నకు చెప్పాను. ఆయన గట్టు మీద పందికొక్కు బొరియలో పలుగు దించుతున్నారు. లోపల మా వరికంకులే!

"మన మాటేనా? ఏదీ, వాళ్లెలా అంటారో అను."

"బాండికూట్, నాన్నా."

ఆయన నవ్వి, "తప్పు పలుకుతున్నార్రా" అన్నారు.

పరీక్షలో నేను 'బర్డ్' అనే రాస్తాను. నేటి ఒప్పు అదే. కానీ ఇప్పుడు క్లాసులో లేచి ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ ఏడు చేరిన తమ్ముళ్లెవరైనా స్పెల్లింగు తప్పిపోతే, నవ్వేముందు ఒక్కసారి మా చేలో పందికొక్కును తలుచుకోండి.