పంటినొప్పి ఎక్కిన బస్సు

తెల్లవారుజామున జగ్గయ్యపేట బస్టాండు. విజయవాడ బస్సు కోసం జనం ఎదురుచూస్తున్నారు. కాలేజీ పిల్లలు, కోర్టు పనిమీద వెళ్లేవాళ్లు, పెళ్లి బట్టలకు బయల్దేరిన కుటుంబం... వాళ్లందరి మధ్యా చెంగు తలచుట్టూ కట్టుకుని, ఒక చెయ్యి దవడకి ఆనించి కూచున్న ఓ పెద్దావిడ. ఎవరు పలకరించినా తల ఊపుతోందే తప్ప నోరు తెరవడం లేదు.

ఆవిడ మా పెద్దమ్మ. ముక్త్యాల వైపు ఓ పల్లె ఆమెది. సంక్రాంతికి మొదలైంది పంటినొప్పి. ‘మిరపకోతలు అవనీరా, చూద్దాం’ అంది. కోతలయ్యాయి. ఈలోగా బుగ్గ బూరెలా వాచింది. అప్పుడొచ్చింది నాకు ఫోను. ఆసుపత్రికి తీసుకెళ్దామని ముందురోజు సాయంత్రమే జగ్గయ్యపేట చేరుకున్నా.

కొండమీద పళ్లపుల్ల

చేతిలో కాస్త సమయం ఉంది కదాని ధనబోడు ఎక్కాను. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేరుతో కట్టించిన జగ్గయ్యపేట వయసు రెండు వందల ఏళ్ల పైచిలుకే. ఊరి పక్కనున్న ఈ బోడు మాత్రం అంతకన్నా ఎన్నోరెట్లు పాతది. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించి లోకానికి చూపించాడు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి ఈ స్తూపానికి స్తంభాలు సమర్పించాడని శాసనం చెబుతోంది. అప్పట్లో ఈ చోటు పేరు వెలగిరి. ఇక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

పంటినొప్పికీ స్తూపానికీ సంబంధమేంటి అంటారా? ఉంది! బౌద్ధ భిక్షువులు పాటించాల్సిన నియమాల్లో పళ్లపుల్ల గురించి ప్రత్యేకంగా రాసి ఉంది. పళ్లపుల్ల నమలకపోతే కళ్లకు మంచిది కాదట, నోరు కంపు కొడుతుందట, నాలుక్కి రుచి తెలీదట, పిత్తం, కఫం అన్నానికి అంటుకుంటాయట, తిన్నది సయించదట. పుల్ల ఎంత ఉండాలో కూడా చెప్పారు. ఎనిమిది వేళ్ల వెడల్పుకు మించకూడదు, నాలుగు వేళ్లకు తగ్గకూడదు. మరీ పొట్టి పుల్ల ఓ భిక్షువు గొంతులో ఇరుక్కుందట మరి! ఈ కొండమీద మసలిన భిక్షువుల చేతుల్లోనూ పొద్దున్నే ఓ పుల్ల ఉండే ఉంటుంది. పెద్దమ్మ పెరట్లోని వేపచెట్టుకి మొన్నమొన్నటిదాకా ఉన్న పనీ అదే.

వాకుడు పొగ, లవంగం మొగ్గ

బస్సు చిల్లకల్లు దాటి హైవే ఎక్కింది. పెద్దమ్మ చెంగు ముడి విప్పి లవంగం మొగ్గొకటి తీసి పంటికింద పెట్టుకుంది. ఇది వట్టి నమ్మకం కాదు. లవంగ నూనెలోని యూజెనాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. పన్నులో తాత్కాలికంగా నింపే సిమెంటులో దంతవైద్యులూ దాన్ని వాడతారు. కాకపోతే నొప్పి తగ్గుతుంది గానీ పుచ్చు ఆగదు.

మెట్టప్రాంతపు పల్లెల్లో ఇంకో వైద్యం ఉండేది. వాకుడు కాయల గింజల్ని నిప్పుల మీద వేసి, ఆ పొగని గొట్టంతో నోట్లోకి పట్టించేవాళ్లు. పంట్లోని పురుగు రాలిపడుతుందని నమ్మకం. నిజానికి పంట్లో పురుగనేదే ఉండదు. మనం తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొర ఎనామిల్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఒకసారి గుంట పడితే ఎనామిల్ మళ్లీ పెరగదు. గుంట లోపలి నరందాకా వెళ్తే... అదిగో, పెద్దమ్మకి నిద్రలేని రాత్రులు!

ఇక పన్ను పీకడం... ఊళ్లో కురుపులు కోసే మంగలే కదిలే పన్నూ లాగేసేవాడు. కట్టుడు పళ్లకైతే పట్నం వెళ్లి ఏ చైనా డెంటిస్టునో వెతుక్కోవాలి. చైనాలోని హుబే ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబాలు తండ్రి నుంచి కొడుక్కి ఈ పని నేర్పుకుంటూ మనదేశంలోని ఎన్నో పట్టణాల్లో స్థిరపడ్డాయి.

కలకత్తా నుంచి గుణదల దాకా

మరి చదువుకున్న పళ్ల డాక్టరు ఎప్పుడొచ్చాడు? అమెరికాలోని అయోవాలో దంతవైద్యం చదివిన రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దేశంలోకెల్లా మొదటి దంతవైద్య కళాశాల పెట్టాడు. డబ్బు ఎక్కడిదనుకున్నారు? ‘న్యూయార్క్ సోడా ఫౌంటెన్’ అని ఓ సోడా దుకాణం తెరిచి, దాని మీద వచ్చిన సొమ్ముతో కాలేజీ నడిపాడు! పళ్లు పాడుచేసే తీపి సోడాలే పళ్ల డాక్టర్లని తయారు చేశాయన్నమాట. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24నే మనదేశంలో దంతవైద్యుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. పట్టా ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ‘ఎ’ భాగంలోకి చేరాయి. పట్టా లేకపోయినా అప్పటికి అయిదేళ్లుగా అదే ప్రధాన జీవనోపాధి అయినవాళ్లకి ‘బి’ భాగంలో చోటిచ్చారు. చేతిపని ఆ రోజుతో చదువుగా మారడం మొదలైంది. 2023లో ఆ చట్టం స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

తెలుగునాట 1959లో హైదరాబాద్‌లో ప్రభుత్వ దంతవైద్య విద్య మొదలైంది. అంటే జగ్గయ్యపేట మనిషికి పళ్ల కాలేజీ ఆసుపత్రి రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉండేది. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ తర్వాత గుణదలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కూడా వచ్చింది. రెండొందల కిలోమీటర్లు ఎనభైకి తగ్గాయి. నందిగామ వాళ్లకైతే యాభయ్యే. ఇప్పుడు రెండు ఊళ్ల మెయిన్‌రోడ్ల మీదా పళ్ల క్లినిక్‌ల బోర్డులు కనిపిస్తాయి.

నవ్వు దాచుకునే ఊళ్లు

మా ముందు సీట్లో ఓ కుర్రాడు. కోదాడ అవతలి పల్లె నుంచి వస్తున్నాడు. ఫోన్లో ఏదో చూసి నవ్వొచ్చినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. పళ్ల మీద గోధుమరంగు చారలు. ‘ఎంత తోమినా పోవట్లేదండీ’ అన్నాడు.

పోవు. అది మురికి కాదు, ఫ్లోరైడు. నీళ్లలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడు ఉంటే, కొత్త పళ్లు లోపల రూపుదిద్దుకునే చిన్నవయసులోనే ఎనామిల్ దెబ్బతింటుంది. మోతాదు ఇంకా పెరిగితే ఎముకలే వంగిపోతాయి. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని పరిశీలించి ఈ జబ్బు గురించి రాశారు. 1970ల్లో నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడుని తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి నల్గొండ పేరే పెట్టారు. ఈ కుర్రాడికి దూరమైంది ఆసుపత్రి కాదు, మంచినీళ్లు!

లెక్క కుదరని పన్ను

నందిగామ, కీసర, కంచికచర్ల... విజయవాడలో దిగి ఓ ఆసుపత్రికి వెళ్లాం. చిన్న వయసు డాక్టరమ్మ. ముందు షుగరు పరీక్ష చేయించింది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు తొందరగా చెడతాయట. తర్వాత ఎక్స్‌రే తీసి చూపించింది.

‘‘అమ్మా, పన్ను గట్టిగానే ఉంది. వాపు తగ్గాక రూట్‌కెనాల్ చేసి తొడుగు వేస్తే ఉంటుంది. నాలుగైదుసార్లు రావాలి’’

పెద్దమ్మ వేళ్లమీద లెక్క మొదలుపెట్టింది. బస్సు ఛార్జీలు ఇద్దరికీ. పోయిన కూలి ఇద్దరికీ. తొడుగు ఖర్చు వేరే. గేదెకి గడ్డి వేసేదెవరు? లెక్క పూర్తయ్యాక అడిగింది, ‘‘పీకెయ్యమ్మా. చూపు పోదుగా?’’

పోదు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయం మన ఊళ్లలో పాతదే గానీ, పంటి నరానికీ చూపుకీ సంబంధం లేదు. డాక్టరమ్మ ఆ మాట ఓపిగ్గా చెప్పి, నెమ్మదిగా ఇంకో మాట అంది. ‘‘నొప్పి మొదలవకముందు, చల్లనీళ్లు తాగితే జివ్వుమన్నప్పుడే వచ్చుంటే అరగంటలో ఫిల్లింగ్‌తో పోయేది’’

ఆ అరగంట పని కోసం ఎనభై కిలోమీటర్లు ఎవరొస్తారు? పెద్దమ్మ పన్నుని పుచ్చు సగమే తినేసింది, మిగతా సగం దూరం తినేసింది అనిపించింది నాకు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికైనా వెళ్తాం. పన్ను దగ్గరికొచ్చేసరికి కోతలు, పెళ్లిళ్లు, ఫీజులు అన్నీ అయ్యాకే దాని వంతు. 2012 నాటి ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలోనూ ఓ దంతవైద్యుడు ఉండాలి. కేంద్రం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. కుర్చీ, డాక్టరు, మందు మూడూ ఒకేరోజు దగ్గర్లో దొరికితేనే పెద్దమ్మ లెక్క మారుతుంది. అదే కుర్చీలో ఖైనీ, గుట్కా నమిలేవాళ్ల నోట్లో మానని తెల్లమచ్చ ఉంటే అదీ బయటపడుతుంది. పన్ను కథ వేరు... అక్కడ ఆలస్యం ప్రాణం మీదికే తెస్తుంది.

తిరుగు బస్సు

వాపు తగ్గాలని మందులిచ్చారు. అయిదు రోజుల తర్వాత మళ్లీ అదే బస్సు. మత్తు సూది, పావుగంట పని, అంతే. పెద్దమ్మ నోట్లో దూది కరుచుకుని తిరుగు బస్సెక్కింది. నందిగామలో బస్సాగగానే శనగల బుట్టతో ఓ కుర్రాడు కిటికీ దగ్గరికొచ్చాడు. ‘పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు’ అని ఆమే ఎన్నోసార్లు చెప్పిన సామెత గుర్తొచ్చి నేను నవ్వాను. నవ్వొద్దన్నట్టు నా మోకాలి మీద ఒక్కటిచ్చింది. ఓ పొట్లం మాత్రం కొనిపించింది. మనవరాలికట.

జగ్గయ్యపేటలో దిగాక, దూది తీసేసి మొదటిసారి నోరు తెరిచింది.

‘‘ఇంకా ఇరవై మూడున్నాయంటరా. ఆ డాక్టరమ్మ లెక్కపెట్టింది’’ అని, రోడ్డవతల క్లినిక్ బోర్డుకేసి చూసింది. ‘‘బుజ్జిదానికి చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందంది మొన్న. ఆదివారం దాన్ని ఇక్కడ చూపిద్దాం. ఇదైతే నడిచొచ్చే దూరమే’’